ఒక పన్ను తేడా

కసరట్టల మా దుకాణం ఖాళీ చేసిన నాడు
కొలిమి వెనక గూట్లో డాల్డా డబ్బా దొరికింది.
అందులో ఒక అల్యూమినియం రేకు ముక్క,
పిడికెడు కంటే తక్కువ ఇసుక,
కుట్టు ఊడిన చిన్న నోటుబుక్కు.

వీరోజి తాతది.
గంగాళాలకు అతుకులేసే చేతుల్ని
యుద్ధం విమానాలకు అతుకులేయమని పిలుచుకపోయింది.
కూలినవాటి దగ్గరికి లారీలో పోవుడు,
ఎవరిది, నెంబరెంత,
ఏది మళ్ళా ఎగురుతది, ఏది తుక్కు,
రాసుకొని వచ్చుడు.
చీకటి పడితే ఆ తుక్కు నీడనే పండుడు.

తాత చదివింది ఉర్దూ బడిల.
నాకు ఆ లిపి రాదు.
మూడు శుక్రవారాలు హుస్సేనీ ఆలంకు పోయిన,
కనీజ్ ఆపా ఇంటికి.
రిటైరైన టీచరమ్మ,
కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టి
కుడి నుంచి ఎడమకు ఎడారి దాటింది.

"తోక లేదు. ఇంజను పలక కాలింది. రంగును బట్టి మనదే."
"రెక్క మీద శిలువ. వాళ్ళది. లోపల ఎవరూ లేరు. బూట్లున్నయ్."
"నేనేసిన అతుకు కనబడ్డది. నెంబరు చూడకముందే తెలిసింది."
ఇక్కడ ఆపా ఆగి నీళ్ళు తాగింది.

ఊళ్ళు చందాలేసి విమానాలు కొనిచ్చిన రోజులవి.
ఇచ్చిన ఊరి పేరు ముక్కు పక్కన రాసేవాళ్ళట.
ఒకదాని పేరు ముందు సగం కాలిపోయి
ఇంగ్లీషులో నాలుగక్షరాలే మిగిలినయ్:
ఆబాద్.
ఏ ఆబాద్? మనదా,
ఔరంగాబాదా, అహ్మదాబాదా?
తాత అడిగి వదిలేసిండు.
"ఆబాద్ అంటే జనమున్న చోటు బేటా" అన్నది ఆపా.
చుట్టూ ఎంత దూరం పోయినా ఒక్క బావి లేని జాగల
ఆ మాట ఒక్కటే నిలబడి ఉండె.

దాని కింద నెంబరు. ఆఖరి అంకె.
ఉర్దూలో రెండుకు ఒక పన్ను,
మూడుకు రెండు పళ్ళు.
రెండుతో అయిపోయేదాని పైలెట్టు
తొమ్మిది రోజులు నడిచి, పెదాలు పగిలి,
క్యాంపుకొచ్చి చక్కెర ఎక్కువేసి చాయ్ అడిగిండని
వెనక పేజీల ఉంది.
మూడుతో అయిపోయేదాని గురించి ఒకటే ముక్క:
"ఉత్తరాలు తిరిగొచ్చినయ్."

తాత రాసిన అంకెకు మొదటి పన్ను సాఫుగున్నది.
రెండో పన్ను దగ్గర సిరా ఉబ్బి
ఆగిపోయింది.
పాళీ జారిందేమో, అన్నది ఆపా.

తాత చెయ్యి జారేది కాదు.
మూతకూ గిన్నెకూ మధ్య
వెంట్రుక దూర్చనిచ్చేవాడు కాదు.
ముసలితనంలో దుకాణం మెట్టు మీద కూసొని,
బేగంపేటకు దిగే విమానం చప్పుడు వింటే
తలెత్తకుండనే ఫలానాదని చెప్పేటోడు.
మేం గోళీలు పందెం కాసి ఓడిపోయేటోళ్ళం.
ఒక్కసారే "ఇది తెల్వదు" అన్నడు.
ఉరికిపోయి చూసినం.
ఆకాశంల ఏమీ లేదు.

ఇప్పుడవి శంషాబాద్‌ల దిగుతున్నయ్.
అది ఇంకో ఆబాద్.
కసరట్ట దాకా చప్పుడు రాదు.
రేకు ముక్క అంచుకు పదకొండు రివెట్లు,
పన్నెండోదాని జాగల బొక్క.
ఏ విమానందో రాసి లేదు.

బుక్కంతా తెలుగుల ఎక్కించుకున్న.
ఆ ఒక్క గడి వదిలేసిన.
చెప్పులేసుకుంటుంటే గడప దాకా వచ్చి
"రెండనుకో బేటా" అన్నది ఆపా.
టీచరమ్మ, అంత తొందరగా మార్కులేసే మనిషి కాదు.

ఇసుక సంగతి ఇంకా తేలలేదు.
చానా సన్నగున్నది,
ఇత్తడి తోమితే మెరుస్తదని
మా ఆవిడ అంటున్నది.